పదహారో గది గంట

ఏప్రిల్ 20, 2001. శుక్రవారం

ఈరోజు నేను గొప్పదాన్ని. రాసుకుంటే తప్పేం లేదు, ఈ డైరీ చదివేది నేనే కదా.

మా కోల్డ్ స్టోరేజీలో పదహారు గదులు. ఒక్కో గదిలో తలుపు పక్కన గోడకు ఒక ఎర్ర గుబ్బ ఉంటుంది. ఎవరైనా లోపల ఇరుక్కుంటే దాన్ని నొక్కాలి. మెషిన్ రూములో గంట మోగుతుంది. అంటే, మోగేది. పోయిన నెల ఏడో గదిలో తేమకు వైర్లు కలిసిపోయి పొద్దస్తమానం మోగుతూనే ఉంటే, కంప్రెసర్లు చూసుకునే చిన్నబ్బ విసుగెత్తి గంట వైరు పీకేశాడు. మేనేజర్ ధనంజయ సార్ కేకలేస్తాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"మద్రాసోళ్లు బిగిచ్చిన డబ్బా నిమిషానికోతూరి అన్నీ రాసుకుంటా ఉండాది గదా ప్రసన్నా. దాన్నే నీ కంప్యూటర్లో గంట మాదిరి చేసెయ్యి" అన్నాడు.

ఆ డబ్బా నిమిషానికి ఒకే ఒక్క అంకె రాస్తుంది. పదహారు గుబ్బలూ ఆ అంకెలోనే ఉంటాయి. ఒకటో గదికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, అలా గది గదికీ రెట్టింపు. 5 వచ్చిందంటే ఒకటీ మూడూ నొక్కారని. ఎక్సెల్‌లో మాక్రో రాశాను. వచ్చిన అంకెలోంచి ఒక్కో గది వాటా విడదీసి చూడు, అది సున్నా కంటే ఎక్కువుంటే ఆ గది గడిని ఎర్రగా చెయ్యి, బీప్ కొట్టు. ఇంతే. ఈ ఇంతేకి మూడు రోజులు పట్టింది.

పరీక్షకు మునిరత్నం వచ్చాడు. గదుల్లోకి సరుకు మోసే మనుషుల్లో అందరికంటే పాత మనిషి. ఒక్కో గదిలోకి పోయి నొక్కడం, నేను ఇక్కడ ఎర్రగడి చూసి కేకెయ్యడం. "ఇది నొక్కితే లోపలికి పొయ్యి అట్లే ఉండిపోతాది పాపా. తిప్పితేనే మళ్ళా బయటికొస్తాది" అని చూపించాడు. పన్నెండు గదులు అయ్యాయి. పదమూడు నుంచి పదహారు మామిడి గుజ్జు డ్రమ్ములు గడ్డకట్టించే గదులు, మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. కోటు లేకుండా పోకూడదు. అప్పటికి టీ వచ్చింది.

"ఆ నాలుగూ కూడా సూసేస్తామా పాపా? కోటు ఏసుకుంటా" అన్నాడు.

"పన్నెండు పనిచేస్తే పదహారూ చేస్తాయన్నా. లెక్క ఒకటే గదా" అన్నాను.

"సరే, నీ సదువు మీద నాకు నమ్మకం ఉండాది" అని టీ గ్లాసు తీసుకున్నాడు.

సార్ భుజం తట్టాడు. గంట వైరు ఇక అక్కర్లేదన్నాడు.

మే 8. మంగళవారం

గంగమ్మ జాతర చాటింపు వేశారు. ఇక వారం దాకా ఊరు దాటకూడదని అమ్మ ఆర్డరు. రేపటి నుంచి వేషాలు. మునిరత్నానికి మొక్కు ఉందట, రోజుకొక్కటి చొప్పున ఐదు వేషాలూ కడతాడట. "ఐదు దినాలు ఇంటి గడప తొక్కనమ్మా, గుడికాన్నే పడుకుంటా. గంగులమ్మకు చెప్పేసినా" అన్నాడు. గంగులమ్మ ఆయన భార్య. పాపం ఐదు రోజులు ఆమెకు సెలవు అన్నాను. నవ్వాడు.

మే 9. బుధవారం

ఆఫీసులో ఎవరికీ కాళ్ళు నేల మీద లేవు. బైరాగి వేషం కట్టాలని నాలుగింటికే మగవాళ్ళందరూ మాయం. నేనూ పోయేదాన్నే, కానీ ఓనరు రేపు చిత్తూరు నుంచి వస్తాడు, ఈ వారం షీటు చూపించాలని సార్ కూర్చోబెట్టాడు.

నాలుగూ పన్నెండు నుంచి అంకెలు పాడయ్యాయి. అంతవరకూ సున్నా, సున్నా, సున్నా. ఆ తరువాత ప్రతి నిమిషానికీ -32768. మైనస్ గదులు ఎక్కడైనా ఉంటాయా? గడులన్నీ తెల్లగానే ఉన్నాయి, బీప్ లేదు. అంటే మాక్రో సరిగ్గానే ఉంది, డబ్బాకే పిచ్చి పట్టింది. ఎండకు మనుషులకే పడుతుంటే డబ్బాకు పట్టదా.

కానీ ఆ మైనస్‌ల వరస షీటు నిండా చీమల బారులా దిగుతుంటే చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఓనరు అడిగితే ఏం చెప్పాలి? ఒక్క లైను కలిపాను. అంకె సున్నా కంటే తక్కువైతే సున్నా అని చూపించు. షీటు ఒక్కసారిగా శుభ్రమైపోయింది. నా తెలివికి నేనే ముచ్చటపడి, ఐదింటికి కంప్యూటర్ ఆపి వచ్చేశాను. వస్తుంటే గదుల వరండా అంతా నిశ్శబ్దం. చిన్నబ్బ గడియలన్నీ వేసి వెళ్ళిపోయినట్టున్నాడు.

సాయంత్రం అమ్మతో తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళ్ళాను. సందంతా బైరాగి వేషం కట్టిన తెల్లటి మనుషులు. ఒళ్ళంతా నామం సుద్ద, మెడలో రెల్లకాయల దండ, చేతిలో వేపమండ. జాతర కదా, వేషాలు కట్టినవాళ్ళ చేత బూతులు తిట్టించుకోవడం కూడా పుణ్యమే. వాచీల కొట్టు దగ్గర జనం ఆగిపోయారు. కొట్లో గోడ గడియారం ఆరూ నలభై. అమ్మకు ఏడింటికల్లా దర్శనం కావాలి, అందుకే టైము చూశాను.

అక్కడ నా ఎదురుగా మునిరత్నం నిలబడ్డాడు. తెల్లగా, కనుబొమ్మలతో సహా. పక్కన వాళ్ళందరికీ చెమటకు సుద్ద చారలు కట్టింది, ఆయనకు కట్టలేదు. దండ కూడా లేదు. "ఏందన్నా, దండ యాడ పారేసినావు?" అన్నాను. మాట్లాడలేదు. తిట్టనూ లేదు. కుడి అరచెయ్యి తెరిచి, దేన్నో నెడుతున్నట్టు ముందుకు చాపాడు. దగ్గరికి వస్తే ఆ మే నెల ఉక్కలో కూడా చల్లగా తగిలింది. తడి సుద్ద కదా. నేను నవ్వి పక్కకు తప్పుకున్నాను. అమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయింది.

తిరిగి చూస్తే లేడు. జనంలో ఎవరు కనపడతారు.

మే 10. గురువారం

ఓనరు వచ్చాడు. షీటు చూశాడు. "నీటుగా ఉండాది" అన్నాడు.

మే 14. సోమవారం

గంగులమ్మ గేటు దగ్గరికి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నాలుగు ఇళ్ళల్లో పాచిపని చేస్తుంది.

"పాపా, మాయప్ప పనిలోకి వచ్చినాడా? గుడికాడ అడిగితే ఒకరు సూసినామంటారు, ఇంకొకరు లేదంటారు. నిన్నటికి ఐదు దినాలు అయిపాయె."

"నేను చూసినానక్కా. బుధవారం వాచీల కొట్టు దగ్గర, ఆరూ నలభైకి. నా ఎదురుగానే నిలబడినాడు, ఒళ్ళంతా సుద్ద పూసుకోని."

"నిజంగానా?"

"నా కండ్లతో చూసినాను. జాతర అయ్యేదాకా రాడులే. ఆ గుంపులో పడితే ఎవురికి ఇల్లు గుర్తుంటాది."

ఆమె మొహం తేటపడింది. పోలీసు స్టేషన్‌కు పోదామనుకున్నానని, ఇంక పోనని చెప్పి వెళ్ళిపోయింది. ఒక మనిషికి ధైర్యం చెప్పిన తృప్తితో భోజనం చేశాను.

మే 17. గురువారం

కొత్త పంట గుజ్జు డ్రమ్ములు వచ్చాయి. పదహారో గది తెరిచారు.

తలుపు వెనకే కూర్చుని ఉన్నాడు. కోటు ఉంది. ఒళ్ళంతా తెల్లగా, కనుబొమ్మలతో సహా.

ఇంక రాయలేను.

మే 18. శుక్రవారం

పోలీసులు వచ్చారు. చిన్నబ్బ ఏడుస్తూ చెప్పాడు. "సీజను ముందర మునిరత్నమన్న పదహారులో ఐసు కొట్టేసి పోతానన్న్యాడు సార్. జాతర తొందరలో ఆ మాటే మర్సిపోతి. అందురూ పొయ్యినారనుకోని నాలుగూ పదికి బయట గడియ ఏసేసినా." లోపలి నుంచి తలుపు తీసే పిడి నిరుటి నుంచే ఊగుతోందట, తిప్పినా తలుపు తెరుచుకోదట. ఎవరూ బాగు చేయించలేదు.

ఇన్‌స్పెక్టరు గంట సంగతి అడిగాడు. ధనంజయ సార్ నన్ను పిలిచాడు. ప్రింటు తీసి ఇచ్చాను. తొమ్మిదో తారీఖు, పదహారో గది. సున్నా, సున్నా, సున్నా.

"మనిషి గంట నొక్కనే లేదు సార్. తాగి నిద్ర పొయ్యుంటాడు, జాతర దినం గదా" అన్నాడు సార్.

మునిరత్నం తాగగా నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ప్రింటు కింద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మెషిన్ చెప్పిందే కదా, నేను కల్పించింది కాదు.

మే 19. శనివారం

దినవారాలు కాకముందే గంగులమ్మ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పాపా, ఒక్క మాట అడిగి పోతా. ఆయప్ప పిలిసినాడా?"

"లేదక్కా. నొక్కలేదు."

"ఎందుకు నొక్కడు? ఆ గుబ్బలు మీకందరికీ సూపిచ్చిందే ఆయప్ప గదా."

ఆమే మళ్ళీ అంది. "తాగి పండుకున్న్యాడని ఈదంతా అంటా ఉండారు. బతికినన్నాళ్లూ సుక్క ముట్టనోడు. పిలిసినాడని తెలిస్తే సాలు పాపా. ఎవురూ పలకలేదంటే అది వేరే మాట."

తరువాత గుమ్మం దగ్గర ఆగి, "మరి బుధవారం నువ్వు సూసినోడెవురు?" అంది.

ఎవరో. తెల్లటి సుద్ద పూసుకుంటే అందరూ ఒకేలా ఉంటారు. ఎవరో.

మే 20. ఆదివారం

ఎవరో.

మే 22. మంగళవారం

జ్వరం. అమ్మ దిష్టి తీసింది. గంగమ్మకు పొంగలి పెడతానని మొక్కుకుంది.

మే 23. బుధవారం

చలి మాత్రం పోవడం లేదు. ఎండ నూటపది ఉందట.

మే 26. శనివారం

నిద్రపట్టక ఈ డైరీనే వెనక్కి తిప్పాను. తిప్పకుండా ఉంటే బాగుండేది.

చిన్నబ్బ గడియ వేసింది నాలుగూ పదికి. నా రాతలోనే ఉంది, నా చేత్తో నేను రాసింది. "నాలుగూ పన్నెండు నుంచి అంకెలు పాడయ్యాయి."

గడియ పడ్డ రెండు నిమిషాలకు.

సెలవు పెట్టిన దాన్ని, ఉన్నపళంగా ఆఫీసుకు పోయాను. డబ్బాతో పాటు ఇచ్చిన పుస్తకం తీశాను. మూడు రోజులు దాన్ని పక్కన పెట్టుకునే కదా మాక్రో రాశాను, ఆ పేజీ ఎందుకు చదవలేదో తెలియదు. ఆ డబ్బా అంకెలకు చోటు 32767 దాకానే. పదహారో గది వాటా 32768. అది పట్టదు, కాబట్టి మైనస్‌లోకి తిరిగిపోతుంది. పదహారో గది పిలిస్తే అంకె మైనస్ కావాల్సిందే. నేనేమో సున్నా కంటే ఎక్కువైతేనే గంట అని రాశాను. పదిహేను గదులకు ఆ రూలు సరిపోతుంది. ఒక్క గది ఎంత అరిచినా నాకు వినపడదు.

ఆ ఒక్క గదిని పరీక్షిద్దామని ఆయన అడిగాడు. కోటు వేసుకుంటానన్నాడు.

పైగా వినపడని పిలుపు కంటికి కనపడుతుంటే, అసహ్యంగా ఉందని ఒక్క లైనుతో తుడిచేశాను. ఐదింటి దాకా ఇక్కడే కూర్చుని ఉన్నాను. నలభై ఎనిమిది నిమిషాలు. నలభై అడుగుల దూరంలో. లేచి ఒక్కసారి ఆ వరండాలోకి పోయి ఉంటే మునిరత్నం ఈరోజు బతికి ఉండేవాడు. ఇది నేను చేసిన పని. ఇంకెవరి మీదకూ తొయ్యలేను.

డబ్బా రాసుకున్న అసలు ఫైలు చెక్కు చెదరకుండా ఉంది. తెరిచాను. తొమ్మిదో తారీఖు నాలుగూ పన్నెండు నుంచి మైనస్. ఒకచోట నాలుగు సున్నాలు ఉన్నాయి. వాటి గురించి ఇప్పుడు ఆలోచించను. కిందికి జరుపుతూ పోయాను. పదో తారీఖు, పదిహేను, ఆయన్ను మోసుకుపోయిన పదిహేడు. ఆగలేదు. ఇరవై, ఇరవై మూడు. నేను చూస్తుండగానే అడుగున ఇంకో లైను వచ్చి చేరింది. ఈరోజు, ఈ నిమిషం. -32768.

పదిహేడు నుంచీ ఆ గదికి తాళం ఉంది. లోపల ఎవరూ లేరు.

ఇంటికి వచ్చేశాను.

మే 28. సోమవారం

మాక్రో సరిచేశాను. నేను కలిపిన లైను తీసేశాను. "సున్నా కంటే ఎక్కువైతే" అన్నచోట "సున్నా కాకపోతే" అని మార్చాను. ఇంత చిన్న పని.

పదీ ఐదుకు నడిపించాను. పదహారో గడి ఎర్రబడింది. బీప్. ఇంకో బీప్. నిమిషం నిమిషానికీ. ఆఫీసులో అందరూ తలలెత్తారు. ధనంజయ సార్ లోపలి నుంచి వచ్చాడు.

"ఏ గది అది?"

"పదహారు సార్."

"ఆ గది తాళం నా జేబులో ఉండాది." ఆయన జేబు తడుముకుని చూసుకున్నాడు. "ఆపు దాన్ని."

"నేను ఆపితే ఆగేది కాదు సార్. తొమ్మిదో తేదీ నుంచీ మోగతానే ఉండాది. నేనే వినలేదు."

అంతా చెప్పాను. ఆయన కూర్చుండిపోయాడు. "సంతకం అయిపోయిన కాయితం, ప్రసన్నా. తిరగదోడితే నువ్వూ మునగతావు, నేనూ మునగతాను" అన్నాడు. మునిగితే మునుగుదాం అన్నాను. నాకంత ధైర్యం ఎక్కడిదో తెలియదు. బహుశా బీప్ వల్ల. అది మోగుతుంటే అబద్ధం ఆడడం కష్టం.

తాళం తీయించాను. లోపలికి రమ్మంటే చిన్నబ్బ రాలేదు, తలుపు పట్టుకుని బయటే నిలబడతానన్నాడు. ఒక్కదాన్నే, పోలీసులు వెనక్కి ఇచ్చేసిన మునిరత్నం కోటు వేసుకుని పోయాను. అది నా మోకాళ్ళు దాటింది. తలుపు పక్క గోడంతా మంచు పేరుకుని ఉంది, గుబ్బ కనపడలేదు. గది తెరిచిన రోజు ఎవరికీ కనపడనిది అందుకే. అరచేతిని అద్ది కరిగించాను. ఎరుపు తేలింది. గుబ్బ లోపలికి పోయి అలాగే ఉంది. నొక్కితే ఉండిపోతుంది, తిప్పితేనే బయటికి వస్తుంది. ఆయన చెప్పిందే.

తిప్పాను. బయటికి వచ్చింది. దూరంగా ఆఫీసులో బీప్ ఆగిపోయింది. పంతొమ్మిది రోజులు.

బయటికి వచ్చాక చిన్నబ్బను అడిగాను, కరెంటు పోతే డబ్బా సున్నా రాస్తుందా అని. "కరెంటు పోతే అది రాయనే రాయదు పాపా. ఆ నిమిషాలే ఉండవు" అన్నాడు.

గుబ్బ చాలా బిగుతుగా ఉంది. దానంతట అది తిరగదు.

మే 29. మంగళవారం

ఉదయం ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను. మొదటి ప్రింటు తప్పు, తప్పు నాది అని. తరువాత బుధవారం నాలుగూ పన్నెండు నుంచి మర్నాడు ఉదయం దాకా అసలు ఫైలు ప్రింటు తీసుకుని గంగులమ్మ ఇంటికి పోయాను. మడతల కాగితం పద్నాలుగు పేజీలు వచ్చింది.

అంట్లు తోముతోంది. చేతులు కడుక్కుని వచ్చి చాప పరిచింది. కాగితం చాప పొడవునా పరిచాను.

"ఇందులో ఆయప్ప పిలిసింది యాడుండాది పాపా?"

"ప్రతి లైనూ అదేనక్కా. ఒక్కో లైను ఒక్కో నిమిషం. గడియ పడిన రెండు నిమిషాలకే పిలిసినాడు."

ఆమె మోకాళ్ళ మీద వంగి మొదటి లైను మీద వేలు పెట్టింది. చదువు రాదు. కానీ ఒక్కో లైనునూ తాకుతూ కిందికి వచ్చింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఎవురిని పిలిసినాడు?"

"నన్నే. ఆ గంట నా దగ్గరే మోగాల. నేను చేసిన తప్పుకు మోగలేదు. మైనస్ అని తుడిచేసినాను."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె వేలు కదులుతూనే ఉంది. మూడో పేజీలో ఆగింది. పొడుగాటి అంకెల మధ్య నాలుగు పొట్టి సున్నాలు. చదువు రానివాళ్ళకైనా తేడా కనపడుతుంది.

"ఈడ పిలవడం నిలిపేసినాడా?"

"నిలిపినాడు."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. ఆరూ నలభై నుంచి."

గేటు దగ్గర ఆ టైము ఆమెకు చెప్పింది నేనే. వాచీల కొట్టుతో సహా.

"నీ దెగ్గిరికి వచ్చినాడే, అప్పుడా" అంది.

తల ఊపాను.

"ఏమన్నా అన్న్యాడా?"

"ఏమీ అనలేదు. చెయ్యి చాపినాడు."

"నువ్వేం జేస్తివి?"

"నవ్వినాను. పక్కకు తప్పుకున్నాను."

గంగులమ్మ చాలాసేపు ఆ నాలుగు సున్నాల వైపే చూసింది. తరువాత వేలు ఒక్క లైను కిందికి జరిపింది. అక్కడ మళ్ళీ మైనస్ మొదలవుతుంది, అక్కడి నుంచి కాగితం చివరిదాకా.

"మళ్ళా పొయ్యి నొక్కినాడు సూడు పాపా" అంది.